పరమాణువులన్నీ సరిపోయాయి, అయినా సున్నా మార్కులు. అర్ధచర్యలు గుర్తుపట్టడం ఎలా?

1. చిట్టాఆవర్జా

మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. వారం పరీక్షలో ఆమ్ల మాధ్యమంలో పొటాషియం పర్మాంగనేట్‌కూ హైడ్రోజన్ పెరాక్సైడ్‌కూ జరిగే చర్యను తుల్యం చేయమన్నారు. వాడు రాసింది ఇది:

2 పొటాషియం పర్మాంగనేట్ + 3 హైడ్రోజన్ పెరాక్సైడ్ + 3 సల్ఫ్యూరిక్ ఆమ్లం → 1 పొటాషియం సల్ఫేట్ + 2 మాంగనీస్ సల్ఫేట్ + 6 నీరు + 4 ఆక్సిజన్

సున్నా వేశారు. పెరాక్సైడ్ ముందున్న 3ను కొట్టేసి ఎర్ర సిరాతో 5 అని రాశారు. కారణం రాయలేదు. నేను కామర్స్ చదివినదాన్ని, రసాయన శాస్త్రాన్ని పదో తరగతిలోనే వదిలేశాను. లెక్కపెట్టడం మాత్రం నా వృత్తి. రాత్రి అన్నాలయ్యాక కూర్చుని రెండు వైపులా ఒక్కొక్క పరమాణువునూ టిక్కు పెడుతూ లెక్కించాను. హైడ్రోజన్ 12కు 12. ఆక్సిజన్ 26కు 26. మాంగనీసు, పొటాషియం, గంధకం అన్నీ సరే. 5 పెట్టి చూసినా సరిపోతోంది, అప్పుడు ఆక్సిజన్ 30కి 30. రెండూ సరిపోతుంటే ఒకటి ఒప్పు, ఇంకొకటి సున్నా ఎలా?

అడిగితే "అర్ధచర్యలు గుర్తించలేదు" అన్నారట. పద్ధతి చూపకపోతే మార్కు తగ్గించవచ్చు, కాని జవాబే తప్పు ఎలా అవుతుంది? వాడు మూడు రోజులుగా పుస్తకం ముట్టడం లేదు.

2. గోళీసోడా

లెక్క సరిపోయినా సున్నా వేశారంటే అది మా ఆఫీసు ప్రయాణ భత్యం బిల్లులాగే ఉంది.

3. తుప్పుమేకు

తుల్యం అంటే రెండు వైపులా సమానం కావడం. సమానమైంది. మార్కులు ఇవ్వాలి. పుస్తకంలో ఉన్న అంకె తప్ప ఇంకేదీ ఒప్పుకోని వాళ్ళతో ఇదే తంటా.

4. మూడోబెంచీ

పరమాణువులు మాత్రమే చూస్తే చాలదు, విద్యుదావేశం కూడా సరిపోవాలి. అయాన్ల రూపంలో రాసి చూడండి, 3 పెడితే ఆవేశం తేడా వస్తుంది.

5. తుప్పుమేకు

మూడోబెంచీ, రాసి చూశాను. రాదు.

2 పర్మాంగనేట్ + 3 పెరాక్సైడ్ + 6 హైడ్రోజన్ అయాన్లు → 2 మాంగనస్ అయాన్లు + 6 నీరు + 4 ఆక్సిజన్

ఎడమ వైపు మైనస్ 2, ప్లస్ 6, మొత్తం ప్లస్ 4. కుడి వైపు రెండు మాంగనస్ అయాన్లకు ప్లస్ 4. అణా పైసలతో సరి. ఇంకా వినండి. పెరాక్సైడ్ 1 పెడితే నీరు 4, ఆక్సిజన్ 3. అదీ సరిపోతుంది. 7 పెడితే నీరు 10, ఆక్సిజన్ 6. అదీ సరిపోతుంది. 9, 11, 13, మీ ఇష్టం. ఎంత దూరం పోయినా సరిపోతూనే ఉంటుంది. అంటే ఈ ప్రశ్నకు జవాబులు అనంతం. వాటిలో ఒకటి రాసిన కుర్రాడికి సున్నా.

6. మూడోబెంచీ

నిజమే. నా టపా వెనక్కి తీసుకుంటున్నాను.

7. ఊదారంగు

జూనియర్ కాలేజీలో ఈ పాఠం చెబుతాను. ఇదే ప్రశ్న ప్రతి ఏడాదీ నా బల్ల మీదికి వస్తుంది. తుప్పుమేకు గారి లెక్కలో పొరపాటు లేదు. పరమాణువుల లెక్క, ఆవేశం లెక్క, రెండూ పట్టుకోలేని తప్పు ఇది.

ఈ చర్యలో ఆక్సిజన్ మూడు వేషాల్లో ఉంది. పర్మాంగనేట్‌లో, సల్ఫేట్‌లో, నీటిలో దాని ఆక్సీకరణ సంఖ్య (ఎలక్ట్రాన్లు ఎన్ని పోయాయో, ఎన్ని చేరాయో చెప్పే లెక్క) మైనస్ 2. పెరాక్సైడ్‌లో మైనస్ 1. బుడగలై పోయే వాయువులో సున్నా. అమ్మగారు లెక్కపెట్టేటప్పుడు మూడింటినీ "ఆక్సిజన్ 26" అని ఒకే గోనెలో పోశారు. మీ అబ్బాయీ అదే చేశాడు.

అర్ధచర్యలంటే చర్యలో ఎలక్ట్రాన్లు ఇచ్చే సగం, తీసుకునే సగం. అర్ధచర్యను గుర్తించడం అంటే ముందుగా ఎవరు మారారు, ఎవరు ఊరికే చూస్తూ నిలబడ్డారు అని తేల్చుకోవడం. పొటాషియం వచ్చేటప్పుడు ప్లస్ 1, పోయేటప్పుడూ ప్లస్ 1. ప్రేక్షకుడు. సల్ఫేట్ కూడా అంతే. వాళ్ళిద్దరినీ కొట్టేయండి. మాంగనీసు ప్లస్ 7 నుంచి ప్లస్ 2కు దిగింది, 5 ఎలక్ట్రాన్లు తీసుకుంది. పెరాక్సైడ్ ఆక్సిజన్ మైనస్ 1 నుంచి సున్నాకు ఎక్కింది. ఒక అణువులో అలాంటివి రెండు కనుక 2 ఎలక్ట్రాన్లు పోయాయి.

క్షయకరణం: పర్మాంగనేట్ + 8 హైడ్రోజన్ అయాన్లు + 5 ఎలక్ట్రాన్లు → మాంగనస్ అయాను + 4 నీరు

ఆక్సీకరణం: హైడ్రోజన్ పెరాక్సైడ్ → ఆక్సిజన్ + 2 హైడ్రోజన్ అయాన్లు + 2 ఎలక్ట్రాన్లు

మొదటిదాన్ని 2తో, రెండోదాన్ని 5తో గుణిస్తే ఇటు 10, అటు 10. ఎలక్ట్రాన్లు చెల్లిపోతాయి. 16 హైడ్రోజన్ అయాన్లలో 10 పోగా 6 మిగులుతాయి. పెరాక్సైడ్ 5 వస్తుంది. ఇక్కడ 3కు చోటే లేదు.

వాడి సమీకరణాన్నే చూడండి. 3 పెరాక్సైడ్ అణువుల్లో ఉన్నవి 6 ఆక్సిజన్ పరమాణువులు. వాటితో 3 ఆక్సిజన్ అణువులే తయారవుతాయి. వాడు 4 రాశాడు. నాలుగోది ఎవరి ఇంటి నుంచి తెచ్చాడు?

8. గోళీసోడా

అప్పు తెచ్చి ఉంటాడు.

9. చిట్టాఆవర్జా

ఊదారంగు గారూ, ఇంత ఓపికగా రాసినందుకు సంతోషం. "ఒకే గోనె" అన్నప్పుడు కాస్త అర్థమైంది. కాని నాలుగోది పర్మాంగనేట్ నుంచి రాకూడదా? రెండు పర్మాంగనేట్లలో 8 ఆక్సిజన్‌లు ఉన్నాయి కదా. అందులో రెండు వాయువుగా పోయాయని వాడు అంటే మీరు ఎలా కాదంటారు? మీరు పెరాక్సైడ్‌దే అని ముందే అనుకుని అర్ధచర్య రాశారు.

10. తుప్పుమేకు

అమ్మగారు సరైన చోట పట్టుకున్నారు. పైగా పర్మాంగనేట్ నీటిని కూడా ఆక్సీకరించగలదు. ఆమ్లంలో పర్మాంగనేట్ ప్రమాణ క్షయకరణ పొటెన్షియల్, అంటే ఎలక్ట్రాన్లను లాక్కునే బలం, 1.51 వోల్టులు, ఆక్సిజన్-నీరు జంటది 1.23. కాబట్టి మైనస్ 2 ఆక్సిజన్ సున్నాకు వెళ్ళడం అసాధ్యం కాదు. "గుర్తించడం" అని గొప్పగా అంటున్నది నిజానికి జవాబు ముందే తెలిసి ఉండడం.

11. నీలిలిట్మస్

తుప్పుమేకు, పొటెన్షియల్ చెప్పేది చర్య జరగవచ్చా లేదా అని, ఎంత వేగంగా జరుగుతుందని కాదు. పర్మాంగనేట్ నీటిని ఆక్సీకరించే మాట నిజమే. అందుకే ఆ ద్రావణాన్ని ముదురు రంగు సీసాలో ఉంచుతాం, కొన్ని వారాలయ్యాక గాఢతను మళ్ళీ సరిచూసుకుంటాం. ఆ చర్యకు రోజులు, వారాలు పడతాయి. బ్యూరెట్ కింద పెరాక్సైడ్‌తో జరిగేది సెకన్లలో.

ఇక అమ్మగారి ప్రశ్న. ఇది ఊహ మీద వదిలేసిన విషయం కాదు. ఆక్సిజన్‌లో బరువైన ఐసోటోపు ఒకటి ఉంది, ఆక్సిజన్-18. దానితో గుర్తుపెట్టి చేసిన ప్రయోగాల్లో బయటికి వచ్చిన వాయువులోని రెండు పరమాణువులూ ఒకే పెరాక్సైడ్ అణువు నుంచి జంటగా వస్తున్నాయని తేలింది. పెరాక్సైడ్‌లోని ఆక్సిజన్-ఆక్సిజన్ బంధం తెగనే తెగదు. పర్మాంగనేట్ ఆక్సిజన్‌లు నీటిలోకి పోతాయి. నాలుగో అణువు లేదు.

12. తుప్పుమేకు

ఇది ముందే చెప్పి ఉంటే సగం వాదన తప్పేది. కాని ఇంటర్ కుర్రాడి దగ్గర ఆక్సిజన్-18 ఉండదు కదా.

13. పాతబ్యూరెట్

బ్యూరెట్ ఉంటే చాలు. ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ కాలేజీ ల్యాబులో పనిచేసి దిగిపోయాను. ఈ అంశమాపనం (టైట్రేషన్) ఎన్నిసార్లు చేయించానో లెక్క లేదు.

మందుల షాపులో దొరికే 3 శాతం పెరాక్సైడ్ 10 మిల్లీలీటర్లు తీసుకుని 250కి పలచన చేయాలి. అందులోంచి 20 మిల్లీలీటర్లు పిపెట్‌తో శంఖాకార కుప్పెలోకి తీసి, పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లం ధారాళంగా పోసి, 0.02 మోలార్ పర్మాంగనేట్ దించాలి. మొదటి చుక్క ఊదా రంగు కాసేపు అలాగే తిరుగుతూ ఉంటుంది, పోదు. కొత్త పిల్లలు అక్కడే కంగారు పడి "అయిపోయింది సార్" అంటారు. ఆగమనేవాణ్ణి. మాంగనస్ అయాను కొద్దిగా పుట్టగానే అదే ఉత్ప్రేరకం అవుతుంది. తరువాతి చుక్కలు పడగానే మాయమవుతాయి. చివర లేత గులాబీ అర నిమిషం నిలిస్తే ఆపాలి.

సీసా మీద రాసింది నిజమైతే, 5 లెక్కన 14.1 మిల్లీలీటర్లు దిగాలి. 3 లెక్కన 23.5. 1 లెక్కన 70కి పైన, అంటే బ్యూరెట్ రెండుసార్లు నింపాలి. 7 లెక్కన సుమారు 10. మాకు ఎప్పుడూ 13న్నర, 14 మధ్యలోనే వచ్చేది. సమీకరణాలు అనంతం కావచ్చు, బ్యూరెట్‌లో గీత మాత్రం ఒక్కటే.

14. ఇన్వర్టర్‌బాబాయి

పెద్దల మధ్య దూరుతున్నాను. నాది బ్యాటరీల కొట్టు. ఇన్వర్టర్ బ్యాటరీ దిగిపోయినప్పుడు రెండు రకాల ప్లేట్ల మీదా ఒకే తెల్లటి సల్ఫేట్ పడుతుంది. రెండు వైపులా పుట్టేది ఒకటే అయితే ఏది ఆక్సీకరణం, ఏది క్షయకరణం అని మా తమ్ముడి కూతురు అడిగింది. నాకు ప్లస్, మైనస్ తెలుసు గాని ఇది తెలియలేదు.

15. ఊదారంగు

బాబాయి గారూ, పుట్టినదాన్ని కాదు, అది దేని నుంచి పుట్టిందో చూడాలి. మైనస్ ప్లేటు మీద ఉండేది ఉత్త సీసం, ఆక్సీకరణ సంఖ్య సున్నా. ప్లస్ ప్లేటు మీద సీసం డయాక్సైడ్, అందులో సీసం ప్లస్ 4. సీసం సల్ఫేట్‌లో ప్లస్ 2. ఒకటి సున్నా నుంచి రెండుకు ఎక్కింది, ఆక్సీకరణం. ఇంకొకటి నాలుగు నుంచి రెండుకు దిగింది, క్షయకరణం. మేడ మీది వాడూ, కింది వాడూ మెట్ల మధ్యలో కలుసుకున్నట్టు.

రెండు వైపులా సల్ఫేట్ వాడుకుంటారు కనుకే ఆమ్లం పలచబడుతుంది.

16. ఇన్వర్టర్‌బాబాయి

అదీ సంగతి. ఆమ్లం చిక్కదనం చూసే హైడ్రోమీటర్ పెడితే నిండుగా ఉన్నప్పుడు 1.240 దగ్గర తేలే బుడ్డి, దిగిపోతే 1.150 కిందికి మునుగుతుంది. ఇన్నేళ్ళూ చూస్తున్నదే, ఎందుకో ఇప్పుడు తెలిసింది. మెట్ల మాట పాపకు చెబుతాను.

17. మూడోబెంచీ

నాకు ఎప్పుడూ తికమక పెట్టేది పేర్లు. ఎలక్ట్రాన్లు వచ్చి చేరితే "క్షయం" ఏమిటి? వచ్చినవాడికి వృద్ధి కదా.

18. గోళీసోడా

చేరినవి మైనస్‌లు కదా తమ్ముడూ. అప్పులు వచ్చి చేరితే వృద్ధి అంటారా?

19. పాతబ్యూరెట్

గోళీసోడా నవ్వుకు అన్నా సరిగ్గా చెప్పారు. ఆ పేరు ఎలక్ట్రాన్ సంగతి తెలియని రోజుల్లోది. ఖనిజాన్ని బొగ్గుతో కాల్చి లోహం తీస్తే బరువు తగ్గేది, ఆక్సిజన్ పోయేది కనుక. ఆ తగ్గడమే క్షయకరణం అయింది. ఎలక్ట్రాన్లు తెలిశాక అర్థం మారింది, పేరు అలాగే ఉండిపోయింది. పరీక్షలో తికమక పడకుండా ఒక్కటి చూసుకో. అర్ధచర్యలో ఎలక్ట్రాన్లు కుడి వైపు ఉంటే ఆక్సీకరణం, ఎడమ వైపు ఉంటే క్షయకరణం.

20. తుప్పుమేకు

పాతబ్యూరెట్ గారి 13వ టపా మళ్ళీ చదివాను. ఒక సందేహం. పెరాక్సైడ్ సీసా మూత తీసిన రోజు నుంచీ బలం తగ్గుతూనే ఉంటుంది. 3 శాతం అని చీటీ మీద ఉన్నంత మాత్రాన లోపల అంత ఉందని ఎవరు చెప్పారు? మీకు 13.8 వచ్చిందనుకుందాం. 5 లెక్కన బలం 2.9 శాతం. 3 లెక్కన 1.8 శాతం. రెండోది కూడా జరగవచ్చు, పాత సీసా అయితే. మీ బ్యూరెట్ చీటీని నమ్మింది, అంతే.

21. పాతబ్యూరెట్

ఒప్పుకుంటున్నాను. కొత్త సీసాలతో ఎన్నోసార్లు చేశాం కనుక నాకు సందేహం లేదు, కాని మీకు ఉండడంలో తప్పు లేదు. సీసా బలంతో పని లేకుండా తేల్చాలంటే వాయువును కొలవాలి.

పెరాక్సైడ్ తనంతట తాను విచ్ఛిన్నమైతే రెండు అణువులకు ఒక ఆక్సిజన్ వస్తుంది. సీసా మీద "10 వాల్యూమ్" అని రాసేది ఆ లెక్కే, 1 మిల్లీలీటరుకు 10 మిల్లీలీటర్ల వాయువు. పర్మాంగనేట్‌తో అయితే, 5 లెక్కన, అణువుకు ఒక ఆక్సిజన్. అంటే సరిగ్గా రెండింతలు. 3 లెక్కన 2.67 రెట్లు. 1 లెక్కన 6 రెట్లు. ఒకే సీసాలోంచి ఒకే కొలత రెండుసార్లు తీసి, ఒకసారి మాంగనీస్ డయాక్సైడ్ మీద, ఒకసారి ఆమ్లం కలిపిన పర్మాంగనేట్ మీద వేయండి. సీసా ఎంత పాతదైనా నిష్పత్తి మారదు.

22. ఊదారంగు

శనివారం మా ల్యాబులో చేసి చెబుతాను.

23. నీలిలిట్మస్

చేసేవాళ్ళకు ఒక మాట. పలుచని ఆమ్లంలోనే పర్మాంగనేట్ కరిగించండి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పర్మాంగనేట్ పలుకుల మీద పోస్తే ఆకుపచ్చని నూనెలాంటి మాంగనీస్ హెప్టాక్సైడ్ పుడుతుంది, అది పేలుతుంది. పెరాక్సైడ్ కూడా 3 శాతానికి మించి వద్దు. మా అద్దకం మిల్లులో 50 శాతం పెరాక్సైడ్ వాడతాం. చేతి తొడుగులో సూది మొనంత రంధ్రం ఉన్నా చర్మం సున్నంలా తెల్లబడిపోతుంది.

24. మూడోబెంచీ

నేనూ ఒకసారి ఇలాగే అరగంట పోగొట్టుకున్నాను. క్రోమేట్‌లో ఆమ్లం వేస్తే డైక్రోమేట్ అవుతుంది కదా, పసుపు పోయి నారింజ రంగు వస్తుంది. ఇంత రంగు మారితే ఎలక్ట్రాన్లు మారకుండా ఉంటాయా అని అర్ధచర్యలు రాయబోయాను. ఎక్కడ ఎలక్ట్రాన్లు పెట్టినా మిగిలిపోతున్నాయి.

25. ఊదారంగు

క్రోమియం అటూ ప్లస్ 6, ఇటూ ప్లస్ 6. అది ఎలక్ట్రాన్లు చేతులు మారే రెడాక్స్ చర్యే కాదు. సగాలుగా విడదీయడానికి అక్కడ ఏదీ లేదు. రంగు చూసి మోసపోయినవాళ్ళలో నువ్వు మొదటివాడివి కాదు, నేనూ ఉన్నాను.

26. తుప్పుమేకు

అందరూ అర్ధచర్య అర్ధచర్య అంటున్నారు. ఆ కుప్పెలో ఎలక్ట్రాన్లు విడిగా ఎక్కడా తేలవు. పెరాక్సైడ్ ఒక మూల వదిలితే పర్మాంగనేట్ ఇంకో మూల పట్టుకోవడం జరగదు. అది కాగితం మీది కల్పన. అందుకే నేను ఆక్సీకరణ సంఖ్యల పద్ధతే వాడతాను, ఒక్క సమీకరణంలో పని అయిపోతుంది.

27. ఊదారంగు

కుప్పెలో కల్పనే, ఒప్పుకుంటాను. రెండు బీకర్లలో మాత్రం కాదు. ఒక బీకరులో ఆమ్లం కలిపిన పర్మాంగనేట్, ఇంకొక దానిలో ఆమ్లం కలిపిన ఫెర్రస్ సల్ఫేట్. రెండింట్లో చెరొక కర్బన కడ్డీ, పాత టార్చి సెల్లు విప్పితే వస్తుంది. పొటాషియం నైట్రేట్ ద్రావణంలో తడిపిన వడపోత కాగితం ముక్కను వంతెనలా వేసి, కడ్డీలను మీటరు మీదుగా తీగతో కలపండి. ముల్లు కదులుతుంది. తరువాత మీటరు తీసేసి తీగను నేరుగా కలిపి వదిలేయండి. గంట తరువాత ఫెర్రస్ వైపు కడ్డీ పక్క నుంచి కొద్దిగా ద్రావణం తీసి, ఫెర్రిక్ ఉంటే ఎర్రబడే థయోసయనేట్ చుక్క వేస్తే, మొదట లేత గులాబీ రంగుకు వచ్చినది ఇప్పుడు ముదురు ఎరుపు అవుతుంది. ఫెర్రిక్ పుట్టింది. పర్మాంగనేట్ దాన్ని తాకనే లేదు.

1836లో డేనియల్ చేసిన ఘటం కూడా అదే కదా, జింకు ఒక చోట, రాగి ఒక చోట. మీరు ఎలక్ట్రాన్లు విడిగా ఉండవంటారు. తీగలో పోయేవి మరి ఏమిటి?

28. గోళీసోడా

తీగలో పోయేది కరెంటు బిల్లు.

29. నీలిలిట్మస్

ఇంకొకటి. ఆక్సీకరణ సంఖ్యల పద్ధతి తప్పు కాదు. కాని 3 పెరాక్సైడ్‌ల సమీకరణం ఆ పద్ధతి లెక్కకు కూడా నిలుస్తుంది. 6 ఆక్సిజన్‌లు మైనస్ 1 నుంచి, 2 ఆక్సిజన్‌లు మైనస్ 2 నుంచి సున్నాకు పోయాయంటే 6, 4 కలిపి 10. మాంగనీసు తీసుకున్నదీ 10. చూశారా, ఎలక్ట్రాన్లూ సరిపోయాయి. ఏ ఆక్సిజన్ ఏ గూటికి పోయిందో తేల్చనిదే ఏ పద్ధతీ కాపాడదు.

30. పాతబ్యూరెట్

అదే నేను పిల్లలకు ఏటా చెప్పినది. ఆమ్లం వేయడం మరిచిపోతే కుప్పెలో గోధుమ రంగు మడ్డి పుడుతుంది. అది మాంగనీస్ డయాక్సైడ్. అప్పుడు మాంగనీసు ప్లస్ 2 దాకా పోలేదు, ప్లస్ 4 దగ్గర ఆగింది. తీసుకున్నది 3 ఎలక్ట్రాన్లే. అర్ధచర్యే వేరు. పుస్తకంలో 5 ఉంది కదా అని అదే వేస్తే రీడింగు ఎక్కడికో పోతుంది. సల్ఫ్యూరిక్ బదులు హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే క్లోరైడ్ కూడా క్లోరిన్‌గా మారడానికి బయలుదేరుతుంది, మనం పిలవని ఇంకో అర్ధచర్య. నైట్రిక్ ఆమ్లం తానే ఆక్సీకరణి. సల్ఫ్యూరిక్ ఆమ్లమే ఎందుకు అంటే, పలుచగా ఉన్నప్పుడు అది ఎవరి గొడవలోనూ దూరదు. అందుకే.

31. మూడోబెంచీ

ఒకటి గమనించాను. తప్పయితే చెప్పండి. తుప్పుమేకు గారి 5వ టపాలోని 1, 3, 5, 7 వరుసలో ఒక్కో మెట్టుకూ తేడా ఒకటే: 2 పెరాక్సైడ్ → 2 నీరు + 1 ఆక్సిజన్. అది పెరాక్సైడ్ తనంతట తాను విరిగిపోయే చర్య. అంటే జవాబులు అనంతం కావు, రెండు వేరు వేరు చర్యలను ఎంత కావాలంటే అంత కలిపి రాసినవి. దెబ్బ మీద పోస్తే నురగ వచ్చేదీ అదే కదా.

32. ఊదారంగు

శభాష్. ఇన్నేళ్ళలో నా తరగతిలో దీన్ని తనంతట తాను చూసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో.

ఆ నురగ చర్యలో పెరాక్సైడే ఇటూ అటూ. ఒక అణువు 2 ఎలక్ట్రాన్లు ఇచ్చి ఆక్సిజన్ అవుతుంది, ఇంకొక అణువు ఆ రెంటినే తీసుకుని, 2 హైడ్రోజన్ అయాన్లతో కలిసి 2 నీటి అణువులు అవుతుంది. ఒకే పదార్థం రెండు అర్ధచర్యల్లోనూ ఎడమ వైపే కనబడుతుంది. పిల్లలు "ఆక్సీకరణి ఎవరు, క్షయకరణి ఎవరు" అని వెతికి, రెండో పేరు దొరక్క ఆగిపోతారు.

33. నీలిలిట్మస్

మూడోబెంచీ మాటను ఇంకో అడుగు వేయండి. 7 పెట్టిన సమీకరణం అంటే అసలు చర్యకు పక్కనే కాస్త పెరాక్సైడ్ ఊరికే విరిగిపోవడం. అది జరగగలదు, పాతబ్యూరెట్ గారి గోధుమ మడ్డి పడితే జరుగుతుంది కూడా, ఆ మడ్డి ఉత్ప్రేరకం. కాని 3 పెట్టిన సమీకరణానికి ఆ విరిగిపోయే చర్య వెనక్కి నడవాలి. నీరూ ఆక్సిజన్ వాయువూ వాటంతటవే కలిసి పెరాక్సైడ్ కావాలి. అలా అయితే మా మిల్లులో పెరాక్సైడ్ కొనే పనే ఉండదు, మోటారు తిప్పితే చాలు.

34. తుప్పుమేకు

ఇది బాగుంది. 7 తప్పు అయితే నిర్లక్ష్యం వల్ల, 3 తప్పు అయితే అసాధ్యం వల్ల. సున్నా విషయంలో నా 3వ టపాను సగం వెనక్కి తీసుకుంటున్నాను. కారణం రాయకుండా ఎర్ర సిరాతో 5 వేసినందుకు మిగతా సగం అలాగే ఉంటుంది.

35. ఊదారంగు

చేశాను. మందుల షాపు నుంచి పెరాక్సైడ్ సీసా, మూత తీసి నెల దాటినదే కావాలని వెతికి పట్టుకున్నాను. పక్క గొట్టం ఉన్న కుప్పె, సెలైన్ గొట్టం, నీళ్ళ టబ్బులో బోర్లించిన 100 మిల్లీలీటర్ల కొలపాత్ర. సిరంజితో రబ్బరు బిరడా గుండా 2 మిల్లీలీటర్లు ఎక్కించాను.

మాంగనీస్ డయాక్సైడ్ మీద: 20, 20.5, 20.
ఆమ్లం కలిపిన పర్మాంగనేట్ మీద: 40, 39.5, 40.5.

మొదట రెండు వరుసల్లోనూ 2 ఎక్కువ వచ్చింది. ఎక్కించిన 2 మిల్లీలీటర్ల ద్రవం అంత గాలిని ముందుకు నెడుతుందని మా ల్యాబు సహాయకుడు గుర్తుచేస్తే తీసేశాను. రెట్టింపుకు వెంట్రుకవాసి తేడా. 3 లెక్క నిజమైతే రెండో వరుసలో 53 దాటాలి. సీసా బలం తగ్గిన మాట నిజమే, కొత్త దానికైతే మొదటి వరుసలో 22, 23 రావాలి. తుప్పుమేకు గారి అనుమానం సీసా మీద నెగ్గింది, సమీకరణం మీద ఓడింది.

36. తుప్పుమేకు

ఓటమి స్వీకరించాను. రెండు బీకర్లది కూడా ఈ వారం ఇంట్లోనే పెట్టి చూస్తాను. టార్చి సెల్లు దొరికింది.

37. చిట్టాఆవర్జా

అంతా రెండుసార్లు చదివి, మావాడికి నా భాషలో చెప్పాను. మాకు అంకణా అని ఒకటి ఉంటుంది. అన్ని ఖాతాల డెబిట్లూ ఒక వైపు, క్రెడిట్లూ ఒక వైపు వేసి కూడితే రెండు మొత్తాలూ సమానం కావాలి. అది కుదిరితే కొత్త గుమాస్తా పండగ చేసుకుంటాడు. కాని రామయ్య కట్టిన డబ్బు సోమయ్య ఖాతాలో జమ వేసినా అంకణా కుదురుతుంది. ఆ తప్పును అంకణా పట్టదు, ఆవర్జా తెరిచి ఒక్కొక్క పేరు దగ్గర ఆగి చూడాలి. పర్మాంగనేట్ ఖాతాలోని రెండు ఆక్సిజన్‌లను వీడు పెరాక్సైడ్ ఖాతా నుంచి వచ్చిన వాయువులో కలిపేశాడు. ఇరవై ఏళ్ళుగా ఇదే తప్పును ఇతరుల పుస్తకాల్లో పట్టుకుంటున్నదాన్ని, ఆ రాత్రి నేనే 26కు 26 అని టిక్కు పెట్టుకుని సంబరపడ్డాను.

మార్కు అడగవద్దని వాడే అన్నాడు. పుస్తకం తీశాడు. ఇదే పేజీలో వాడు ఏదో అడుగుతాడట.

38. చిట్టాఆవర్జా

అమ్మ ఖాతా నుంచి నేను రాస్తున్నాను. వేడి, గాఢ సోడియం హైడ్రాక్సైడ్‌లో క్లోరిన్. మారేది క్లోరిన్ ఒక్కటే, సున్నా నుంచి ఒకటి మైనస్ 1కు, ఒకటి ప్లస్ 5కు. సోడియం ప్రేక్షకుడు. ఇలా రాశాను:

క్లోరిన్ + 2 ఎలక్ట్రాన్లు → 2 క్లోరైడ్
క్లోరిన్ + 12 హైడ్రాక్సైడ్ → 2 క్లోరేట్ + 6 నీరు + 10 ఎలక్ట్రాన్లు

మొదటిదాన్ని 5తో గుణించి కూడితే 6 క్లోరిన్ + 12 హైడ్రాక్సైడ్ → 10 క్లోరైడ్ + 2 క్లోరేట్ + 6 నీరు వచ్చింది. పుస్తకంలో 3 క్లోరిన్, 6 హైడ్రాక్సైడ్ అని ఉంది. మళ్ళీ నాదే తప్పా?

39. పాతబ్యూరెట్

కాదు నాయనా. అన్నిటినీ 2తో భాగించు.

40. గోళీసోడా

ఈసారి ఎర్ర సిరా ఖర్చు మిగిలింది.